మొగం చూడని వీధి

ఉప్పళంలో వాయ్కాలు అనే పెద్ద మురుగుకాలువ గట్టునున్న ఆ సందులో, వాన పడితే ముందు ఎవరి ఇల్లు మునుగుతుందో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. తెలియనిది ఆఫీసు గోడలకు తగిలించిన మ్యాపులకే. ఊరి మురికంతా వచ్చి ఆ వాయ్కాల్లోనే పడుతుంది. పూడిక తీయండని సందువాళ్ళు ఏటా మొరపెట్టుకుంటారు. ఏటా ఒక జేసీబీ వస్తుంది, కాస్త బురద ఎత్తి గట్టు మీదే పోస్తుంది, ఎవరో ఫొటో దిగుతారు, మొదటి వానకు ఆ బురద మళ్ళీ వాయ్కాల్లోకే జారుతుంది. కార్తీకంలో తుఫాను తీరం దాటిన నాడూ అంతే అయింది. తెల్లారేసరికి వాయ్కాలు ఏదో వీధి ఏదో తెలియకుండా పోయింది.

లోగనాయకి నారింజ రంగు కోటు తొడుక్కుని, మెడలో విజిలు వేసుకుని, మోకాటి లోతు నీళ్ళలో సందు మొదట నిలబడింది. ఆమె జాకెట్లు కుట్టి బతికే మనిషి. మొగుడు లారీ తోలుతాడు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఆపద వేళ సాయం చేయడానికి వార్డుల నుంచి వాలంటీర్లు కావాలని సర్కారు అడిగినప్పుడు ఆ సందు మగవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఈమె పేరిచ్చింది. పెద్ద హాల్లో ఫ్యాన్ల కింద కూర్చోబెట్టి తాడు ముడి వేయడం, రబ్బరు బొమ్మ గుండె మీద నొక్కి ఊపిరి తెప్పించడం నేర్పారు. సర్టిఫికెట్టు ఇచ్చారు, బిర్యానీ పొట్లం ఇచ్చారు. పడవ ఇవ్వలేదు. అడిగితే, కావలసినప్పుడు ఫోన్ చేయండమ్మా, వస్తుంది అన్నారు. ఆ పొద్దున ఆమె చేస్తూనే ఉంది. అవతల మోగుతోంది గాని ఎత్తే నాథుడు లేడు.

సందు ఖాళీ చేయించడానికి ఆమెకు తనదైన పద్ధతి ఒకటుంది. శిక్షణలో ఇంటింటికీ పోయి తలలు లెక్కపెట్టమన్నారు. ఆ మాట చెప్పినవాడు ఉప్పళంలో ఒక్క ఇల్లు కూడా ఖాళీ చేయించి ఉండడు. కదలండ్రా అంటే ఫ్రిజ్జు ఎత్తి బల్ల మీద పెట్టాలి, పిల్లి కనబడలేదు, మామగారు పెన్షను పుస్తకం వెతుకుతున్నాడు అంటూ ఒకే తల నాలుగు గుమ్మాల్లో కనబడుతుంది. అందుకని లోగనాయకి తలుపుకు తాళం వేయించి తాళంచెవి తన చేతికి తీసుకుంటుంది. తాళంచెవి వచ్చిందా, ఆ ఇల్లు ఖాళీ. దొంగల భయం ఉండదు గనక జనం కూడా మారుమాట లేకుండా కదులుతారు.

ఒక ఇంటి నుంచి మాత్రం తాళంచెవి రాలేదు. రాదని ఆమెకు తెలుసు. అది చావిల్లు. విజయరంగన్ అనే పెద్దాయన పోయి ఇంకా కరుమాది, అంటే పెద్దకర్మ, కాలేదు.

ఆ సందులో ముప్పాతిక ఇళ్ళు తెలుగువాళ్ళవే. ఏ తాతల నాడో వచ్చి పడ్డారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, వీధిలో అరవం, రాయడానికీ చదవడానికీ అరవమే. తెలుగు అక్షరం ఎవరికీ రాదు. అక్షరాలు పోయినా ఆచారాలు మాత్రం గోచిలో కట్టుకుని తెచ్చుకున్నట్టు పదిలంగా ఉన్నాయి. పదహారో నాడు కరుమాది జరిగేదాకా చావింట్లో దీపం ఆరకూడదు, తలుపుకు తాళం పడకూడదు. ఆ ఇంటివాళ్ళు బయటికి పోతూ పోయొస్తాం అని చెప్పరు. ఎదురొచ్చినవాళ్ళు యాడికి అని అడగరు.

విజయరంగన్ కొడుకు రఘునాథన్ బిడ్డను భుజాన వేసుకుని, వెనక అతని భార్య నివేదిత నెత్తిన సంచి పెట్టుకుని, తలలు వంచుకుని లోగనాయకి పక్కనుంచే నీళ్ళలో నడిచిపోయారు. వాళ్ళు చెప్పలేదు, ఈమె అడగలేదు. ఆ ఇంటి వెనక గది తలుపు తోసి ఒకసారి చూసి వస్తేనో అని మాత్రం ఒక్క క్షణం తోచింది. తోచి కూడా పోలేదు. తాళి తీసిన మనిషి, విజయరంగన్ భార్య అమృతవల్లి, మూల కూర్చునే గది అది. కరుమాది కాకముందు ముత్తయిదువ ఆ మొగం చూడకూడదు. లోగనాయకి ముత్తయిదువ. పైగా కూతురు సుగంధికి సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో నిశ్చితార్థం పెట్టుకున్నారు. కొడుకూ కోడలూ కదిలారంటే తల్లిని ముందే దాటించి ఉంటారులే అనుకుంది. ఆ పొద్దున ఆ సందులో ప్రతివాళ్ళూ ఇలాగే ఏదో ఒకటి అనుకున్నవాళ్ళే.

మెరక మీదున్న సర్కారు బడిలో ఒక హాలు తెరిచి పెట్టారు. మిగతా గదులకు తాళాలు. హెడ్మాస్టరు తాళంచెవులతో సహా తన ఊళ్ళో చిక్కుకుపోయాడట. హాలు నిండా చాపలు, బకెట్లు, తడిబట్టల కంపు, పిల్లల ఏడుపు. మధ్యాహ్నం సాంబారన్నం వచ్చింది. లోగనాయకి అన్నం గరిటె పట్టుకుని వరుసగా వడ్డిస్తూ వచ్చి నివేదిత ముందు ఆగింది. అక్కడ ఉండాల్సిన మనిషి లేదు.

"అత్త యాడ నివేదితా?"

నివేదిత మొగుడి వైపు చూసింది.

"అమ్మ ఇంట్లోనే ఉండాదక్కా" అన్నాడు రఘునాథన్, కిందికి చూస్తూ.

"ఏ ఇంట్లో?"

"ఏ ఇంట్లో ఏందక్కా, మా ఇంట్లోనే. దీపం ఆరిపోతాదని రానన్నింది. మంచం కింద ఇటికలు పెట్టి ఎత్తు చేసినా. బిడ్డను ఈడ దింపి మళ్ళా పోదామనుకున్నా. పోతే పోలీసోళ్ళు తాడు కట్టేసి వదల్లేదు."

"నా పక్కనే పోతివి గదరా. ఒక మాట చెప్పేదానికి నోరు పడిపోయిందా?"

"చావింటి నుంచి ఎట్లక్కా చెప్పేది. నువ్వయినా అడగలే."

లోగనాయకి గరిటె నివేదిత చేతిలో పెట్టి బయటికి నడిచింది.

సముద్రం ఒడ్డునున్న పిళ్ళైచావడి నుంచి చేపలు పట్టేవాళ్ళు ఫైబరు పడవను మినీ లారీ మీద కట్టుకుని అప్పుడే వచ్చి దింపుతున్నారు. వాళ్ళలో వేల్మురుగన్ అనే అతను, నల్లగా ఎండుచేపలా ఉంటాడు, తాడు విప్పుతున్నాడు. ఎవరు పంపారన్నా మిమ్మల్ని అని లోగనాయకి అరవంలో అడిగింది.

"ఎవురు పంపాల? మా ఊరు మునిగినప్పుడు ఎవురన్నా వచ్చినారా, ఇప్పుడు మమ్మల్ని పంపేదానికి? టీవీలో చూసినాం, వచ్చినాం. సీక్రం ఎక్కు తల్లీ, డీజిలు ఉన్నంతసేపే నా దానం."

సందులో నీళ్ళు ఛాతీకి వచ్చాయి. మోటరు ఆపేసి, గోడలు పట్టుకుని, పడవను చేతులతో నెట్టుకుంటూ పోయారు. చెప్పులు, దిండ్లు, ఎవరి ఇంటిదో ప్లాస్టిక్ పూలదండ పక్కన తేలుతున్నాయి. విజయరంగన్ ఇంటి తలుపు తెరిచే ఉంది. వేల్మురుగన్ పడవను కిటికీ కమ్మికి కట్టాడు. లోగనాయకి నీళ్ళలోకి దిగి, తడుముకుంటూ, పొద్దున తోయని ఆ వెనక గది తలుపు తోసింది.

అమృతవల్లి మంచం మీద గొంతుక్కూర్చుని ఉంది. నీళ్ళు పరుపును తాకుతున్నాయి. గూట్లో దీపం. నీళ్ళకు భయపడి అరిచిన గుర్తులేవీ ఆ మొహంలో లేవు. మనిషిని చూడగానే మాత్రం గబుక్కున కొంగు కప్పుకుంది.

"ఎవురది, లోగానా? రావద్దుమా. అట్నే మొగం తిప్పుకో. బిడ్డకు నిశ్చయం పెట్టుకోని ఏందిమా ఇది."

"చూసేసినా పెద్దమ్మా. ఇంక దాంకొని ఏం లాభం. లెయ్."

"దీపం?"

"దీపాన్నీ ఎత్తుకోని పోదాం. ఇద్దరినీ మోసేదానికే వచ్చినా."

ముసలామె ఊపిరిలో ఈల వినబడుతోంది. ఆమెకు ఏళ్ళ తరబడి ఆయాసం. నోటితో పీల్చే మందు ఏదని అడిగితే, మంచం మీదే పెట్టినా, యాడికో ఈదుకుంటా పోయింది అంది. లోగనాయకి చేయి పెట్టి నీళ్ళలో వెతికింది. గ్లాసు దొరికింది, దువ్వెన దొరికింది, విజయరంగన్ కళ్ళజోడు దొరికింది, మందు దొరకలేదు. దీపాన్ని ఒక స్టీలు బకెట్లో దించి, పైన పళ్ళెం వారగా మూసి, ఒక చేత్తో పట్టుకుని, మరో చేత్తో ఆమెను వీపుకు ఎత్తుకుంది. బరువే లేదు. బియ్యం సంచి ఇంతకన్నా బరువుంటుంది.

పడవలో ముసలామె బకెట్టును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మెయిన్ రోడ్డు ఎక్కేసరికి గాలి కొట్టి వాన జల్లు బకెట్లోకి పడింది.

"ఆరిపోయిందా లోగా?"

లోగనాయకి పళ్ళెం ఎత్తి చూసింది. ఒత్తి నల్లగా నీళ్ళలో పడుకుని ఉంది.

"లేదు పెద్దమ్మా. బాగనే ఎలగతా ఉండాది" అని పళ్ళెం గట్టిగా మూసేసింది.

వేల్మురుగన్‌కు తెలుగు రాదు. బకెట్లోకి చూశాడు, లోగనాయకి మొహంలోకి చూశాడు, మోటరు తాడు లాగాడు.

ఇంతవరకూ నీళ్ళతో పని. నీళ్ళతో పని సులువు. నీళ్ళకు ముత్తయిదువ తెలియదు, ముండమోపి తెలియదు. అందరినీ ఒకే తీరుగా ముంచుతాయి.

బడి మెట్లెక్కుతుంటేనే మణియమ్మ హాలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వాళ్ళది చావింటికి ఎదురిల్లు. కూతురు నందిత పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది. మణియమ్మ చెడ్డ మనిషి కాదు. విజయరంగన్ పోయిన నాడు ఆ ఇంటివాళ్ళందరికీ మూడు పూటలా వండి పంపింది ఆమే. చెడ్డవాళ్ళు ఆపితే తోసేసి పోవచ్చు. మంచివాళ్ళతోనే వస్తుంది చిక్కు.

"లోగా, ఒక్క నిమిసం. లోపలికి తేవద్దే."

"తడిసిపోయి ఉండాదక్కా. జరుగు."

"తడిసింది నాకు తెలీదా, నా కండ్లు కనబడవా? నా బిడ్డకు నెలలు నిండతా ఉండాయి. అదో, ఆ మూల కూచున్న పిల్లకు వచ్చే వారం పెండ్లి. ఇంతమంది ముత్తయిదువులు ఉన్నచోటికి కరుమాది కాని మనిషిని తెస్తే ఎట్ల? ఆమె నాకు వదిన మాదిరే. కరుమాది అయిపోనీ, నేనే పోయి కావిలించుకోని ఏడుస్తా."

"అంతవరకూ బతికుండాల గదా, నువ్వు కావిలించుకునేదానికి."

"నోట్లో నుంచి మంచి మాట రాదా నీకు?"

హాల్లో నుంచి ఇంకో గొంతు అందుకుంది, "సర్కారు కోటు వేసుకుంటే సంప్రదాయం మారిపోతాదా?" ఎవరో నవ్వారు. ఎవరో పాపం అన్నారు. పాపం అన్నవాళ్ళు కూడా చాప జరపలేదు.

లోగనాయకి అత్త జయమ్మాళ్ లోపలి నుంచి మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చింది. ఆమె మొగుడు పోయి పాతికేళ్ళు దాటింది. కనీసం ఈమె నోరైనా తన వైపు తెరుచుకుంటుందని లోగనాయకి అనుకుంది.

"నేను కూచోలేదా మూల?" అంది జయమ్మాళ్. "ఏడాది కూచున్నా. కన్నబిడ్డ పెండ్లికి కూడా వంటింట్లోనే ఉండిపోయినా. ఆమెకేం కిరీటం ఉండాదా? ఆ పక్కన సైకిల్ షెడ్డు ఉండాది గదా. ఆడ కూచోబెట్టు. నేను తోడుంటా. నాకు మైల తీట్టు లేదు, తిరునాళ్ళు లేదు."

రఘునాథన్ తువ్వాలు తెచ్చి తల్లి భుజాల మీద కప్పాడు. గొడవ వద్దక్కా అన్నాడు. ఒక్క రాత్రి గదా అన్నాడు. అదే సమయానికి జీపులో ఒక అధికారి వచ్చి దిగాడు, పేరు అవసరం లేదు, అలాంటివాళ్ళు ప్రతి జీపులోనూ ఉంటారు. లోగనాయకి అతనికి అడ్డం పోయి, ఇంకో గది తాళం పగలగొట్టించండి సార్ అని అరవంలో అడిగింది. గవర్నమెంటు ప్రాపర్టీమా, పగలగొడితే నేను రాసివ్వాల అన్నాడు. అయితే ఈమెను ఆపకూడదని లోపలికొచ్చి ఒక్క మాట చెప్పండి అంది. అతను హాల్లోకి తొంగి చూశాడు, అంతమంది ఆడవాళ్ళు ఒక్కసారిగా తనవైపు తిరిగేసరికి తల వెనక్కి తీసుకున్నాడు.

"ఇది మీ కమ్యూనిటీ మేటరుమా. మీలో మీరు అడ్జస్టు చేసుకోండి" అని జీపెక్కాడు.

మెట్ల మీద అమృతవల్లి ఇంకా బకెట్టు పట్టుకుని నిలబడే ఉంది. కొంగు ముక్కు దాకా లాక్కుని, గోడవైపు తిరిగి ఉంది.

"లోగా, నేను బయటనే ఉంటాలేమా" అంది. "వాళ్ళు చెప్పేది తప్పు గాదు. నేనూ అట్లనే చెప్పుంటా. నా కోడలికి సీమంతం జరిగేటప్పుడు మొగుడు పోయిన అలమేలును నేను గేటు కాడనే ఆపినా."

లోగనాయకి ఆ పొద్దున్నుంచి గుక్కెడు కాఫీ తాగి ఉంది అంతే. వీపు విరిగిపోతోంది. గుమ్మంలో నిలబడి తిట్టొచ్చు, తోసుకుని పోవచ్చు. అంతకుముందు రేషన్ షాపు ముందు, నీళ్ళ ట్యాంకరు ముందు తిట్టి తోసి గెలిచిన మనిషే. ఇక్కడ మాత్రం ముసలామె నోటితోనే ఆ మాట వచ్చేసరికి ఎక్కడో తేలికయింది. తేలికయిందన్న సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది కూడా. సరేలే, చీకటి పడేలోపల ఏదో ఒకటి చేద్దాం అనుకుని, తన చేతులతోనే షెడ్డులో చాప పరిచింది. గాలి వచ్చే వైపు పట్ట కట్టింది. పొడి చీర ఒకటి సుగంధి సంచిలోంచి తెచ్చి ఇచ్చింది. రేకుల కప్పుకు పక్కన గోడలు లేవు. జల్లు ఇటునుంచి కాకపోతే అటునుంచి వస్తూనే ఉంది.

"పఫ్ మందు ఎవురి దగ్గరైనా ఉండాదేమో అడిగి తెస్తా పెద్దమ్మా."

"నువ్వు పోయి అన్నం తినుమా. దీపం మాత్రం ఎవురన్నా చూస్తా ఉండండి."

మందు కోసం హాల్లో అడుగుతుండగానే పక్క వీధిలో గోడ కూలిందని కేక వచ్చింది. లోగనాయకి విజిలు ఊదుతూ పరుగెత్తింది. ఆ గోడ కింద ఎవరూ లేరు, ఒక మేకపోతు చచ్చింది. దాని తర్వాత ఇంకో ఇల్లు, ఇంకో ముసలాయన, ఇంకో కడుపుతో ఉన్న ఆవు. వేల్మురుగన్ డీజిలు అయిపోయేదాకా తిరిగారు. ఆమె బడికి వచ్చేసరికి బాగా చీకటి పడి కరెంటు పోయి ఉంది. షెడ్డువైపు పోబోతే హాలు గుమ్మంలో కూర్చున్న ఎవరో, నిద్రపోయిందే, లేపవద్దు అన్నారు. చాప మీద ముడుచుకున్న ఆకారం దూరం నుంచి నిద్రపోతున్నట్టే ఉంది. లోగనాయకి లోపలికి పోయి ఎక్కడ తల ఆనిందో అక్కడే పడిపోయింది.

పక్కన జయమ్మాళ్ గొంతు వినబడుతూనే ఉంది. "నేను చీకటి పడేదాకా ఉన్నానే. జల్లు కొడతా ఉంటే మోకాళ్ళు బిగుసుకుపోయె, వచ్చేసినా. రఘు ఉంటానన్నాడు." రఘునాథన్ ఉన్నాడు, బిడ్డ ఏడ్చేదాకా. నివేదిత ఉంది, బిడ్డకు పాలు పట్టే వేళయ్యేదాకా. ఒకరు లేచి వచ్చేటప్పుడు ఇంకొకరు పోతారని అనుకున్నారు.

తెల్లారి టీ క్యాను వచ్చినప్పుడు లోగనాయకి మొదటి గ్లాసు పట్టుకుని షెడ్డుకు పోయింది. అమృతవల్లి స్తంభానికి ఆనుకుని ఉంది. పెదవులు నేరేడు రంగులో ఉన్నాయి. గొంతు కింద గుంట పడుతూ లేస్తూ ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని చూపు లేదు. బకెట్టు మీద పళ్ళెం తీసి పక్కన పెట్టి ఉంది. ఒత్తి ఆరిన సంగతి ఆమె రాత్రే చూసుకుంది.

టీ గ్లాసు ఎక్కడ పడిందో లోగనాయకికి తెలియదు. ఆంబులెన్సు వంతెన అవతలే ఆగిపోయిందన్నారు. మళ్ళీ వేల్మురుగన్ పడవే దిక్కయింది. ఎవరి ఆటోలోంచో, మరెవరి వ్యానులోంచో డీజిలు తీసి పోశారు. ఈసారి హాలు గుమ్మంలో ఎవరూ అడ్డం రాలేదు. మోసుకుపోతుంటే ముత్తయిదువులు గోడవైపు తిరిగారు.

పడవ సగం దారిలో ఉండగా ఊపిరిలో ఈల ఆగిపోయింది. లోగనాయకి ఆమెను పడవ అడుగున పడుకోబెట్టి, రెండు అరచేతులూ కలిపి, గుండె మీద పెట్టి నొక్కింది. శిక్షణలో బొమ్మకైతే నొక్కినప్పుడల్లా టక్కుమని శబ్దం వచ్చేది, సార్ గుడ్ అనేవాడు. ఇక్కడ ఎండుపుల్ల విరిగినట్టు ఎముక విరిగింది. ఆపకుండా నొక్కింది. రఘునాథన్ అమ్మా అమ్మా అంటూ కాళ్ళు రుద్దుతున్నాడు. ఆస్పత్రి మెట్ల దగ్గర డాక్టరమ్మ వచ్చి చేయి పట్టుకుని, చాలమ్మా, వదిలేయండి అంది.

నీళ్ళు దిగిపోయాక లెక్కలు రాసుకునేవాళ్ళు వచ్చారు. అమృతవల్లి పేరు తుఫాను చావుల్లో రాయలేదు. ముందే ఆయాసం ఉన్న మనిషి, క్యాంపులో సురక్షితంగా ఉండగా వ్యాధి ముదిరి పోయింది, అది సహజ మరణం అన్నారు. సైకిల్ షెడ్డు రాసుకోండి సార్ అని లోగనాయకి గట్టిగానే చెప్పింది. సైకిల్ షెడ్డు బడి కాంపౌండులోనే ఉంది గదమ్మా అన్నారు. ఆ వార్డులో ప్రాణనష్టం లేదని, వాలంటీర్ల కృషి అభినందనీయమని ఒక కాగితం కూడా వచ్చింది. దాన్ని ఆమె ఏం చేసిందో చెప్పనక్కర్లేదు.

శవాన్ని ఇంటికి తెచ్చిన నాడు సందంతా బురద. ఎర్రటి ఎండ. తలుపుల ముందు ఆరేసిన పరుపులు, ఉబ్బిపోయిన బీరువాలు. విజయరంగన్ ఇంటి ముందు కుర్చీలు వేశారు. ఆడవాళ్ళు మల్లెదండలు, రోజా దండలు చేతుల్లో పట్టుకుని ఒక గుంపుగా వచ్చారు. ముందు మణియమ్మ, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. గుమ్మానికి రెండు వైపులా చేతులు పెట్టి లోగనాయకి నిలబడి ఉంది.

"జరుగే లోగా. మొగం చూసి పోతాం."

"మొగమా? షెడ్డులో కూడా అదే మొగం ఉండె. అప్పుడు చూడాల్సింది."

"అది వేరే, ఇది వేరే. పోయినామెను అందరూ చూడొచ్చు. తెలీనట్ల మాట్లాడతావేంది."

"ఊపిరి ఉంటే చూడగూడదు, ఊపిరి పోతే దండలేసుకోని రావచ్చు. బాగుండాది మీ న్యాయం."

మణియమ్మ దండను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. గొంతు పెంచలేదు.

"మీ న్యాయం అంటావేందే? నువ్వు యాడనుంచి దిగినావు? నేను గుమ్మంలో నిలబడినా, నిజమే. చాప పరిచింది ఎవురు? పట్ట కట్టింది ఎవురు? నువ్వు మెడ పట్టి నన్ను తోసుంటే నేను పడుండేదాన్నే గాని, నిన్ను ఆపగలిగేదాన్నా? పొద్దున్న ఆ గది తలుపు నువ్వెందుకు తోయలేదో నేను అడిగినానా?"

లోపలి నుంచి నివేదిత వచ్చింది. జుట్టు విరబోసుకుని ఉంది.

"రానియ్యక్కా" అంది. "అత్త నోట్లో వాయిబియ్యం వేసేదానికి నలుగురు ఆడోళ్ళు కావాల. వీళ్ళు గాక ఇంకెవురు ఉండారు మాకు?"

లోగనాయకి చేతులు దింపేసింది. ఒక్కొక్కరే ఆమె భుజం రాసుకుంటూ లోపలికి పోయారు. తడి దండలు ఆమె చేతికి తగిలాయి. జయమ్మాళ్ కూడా పోయింది, సుగంధి కూడా పోయింది.

వీధిలో ఒక్క నందిత మిగిలింది. కడుపుతో ఉన్న పిల్ల శవాన్ని చూడకూడదని తల్లి ఆమెను ఎదురింటి అరుగు మీద కూర్చోబెట్టి వచ్చింది. లోగనాయకి పోయి ఆ అరుగు చివర, బురద కాళ్ళతోనే కూలబడింది.

"అక్కా" అంది నందిత. "ఆ దినం నన్ను ఎవురూ అడగలే."

"ఏమని?"

"ఆమెను లోపలికి తెస్తే నీకు భయమా అని. మా అమ్మ నా పేరు చెప్పి వాదులాడతా ఉండె. నేను లోపల పడుకోని అంతా వింటానే ఉన్నా. నాకేం భయం లేదు. చిన్నప్పుడు ఆమె ఒళ్ళోనే పెరిగినా. అడిగుంటే రానియ్యమని చెప్పుండేదాన్ని."

"అడగకపోతే చెప్పకూడదా?"

నందిత కడుపు మీద చేయి పెట్టుకుని తల వంచుకుంది. లోపల మణియమ్మ గొంతెత్తి ఏడుపు మొదలుపెట్టింది, మిగతావాళ్ళు అందుకున్నారు.